పశువుల దేహములో దాగియుండు హెర్పిస్ వైరసులు

పశువులకు వచ్చు అంటువ్యాధులు రెండు తీరులుగా ఉండును. మొదటి తీరు వ్యాధి సోకినపుడు పశువు చనిపోవును, లేక కోలుకొనును. కోలుకొన్నచో వ్యాధిని కలిగించిన క్రిమి దాని దేహమునుండి పూర్తిగా తొలగిపోవును. రెండవ తీరు వ్యాధి సోకినపుడు పశువు కొద్దిరోజులు జబ్బుపడి, మరల మేత మేయును, పాలిచ్చును, ఎదకు వచ్చును. జబ్బు పోయినదని రైతు సంతోషించును. కాని పోయినది జబ్బు మాత్రమే, క్రిమి పోలేదు. అది పశువు బ్రతికినంతకాలము దాని దేహములోనే దాగియుండి, అదను దొరికినపుడు బయటికి వచ్చి తోటి పశువులకు సోకును. హెర్పిస్ వైరసులు ఈ రెండవ తీరుకు చెందినవి.

ఈ భేదమును రైతులు తెలిసికొనుట చాల అవసరము. అశ్వారావుపేట ప్రాంతమున, ఖమ్మము నుండి భద్రాచలము వరకుగల అడవి అంచు గ్రామములలో, పలువురి పశువులు ఒకే మందగా మేతకు పోవును. ఒకే వాగులో నీరు త్రాగును. పాడికొరకు గేదెలను, సంకరజాతి ఆవులను సంతలనుండియు, దూరపు ఊళ్లనుండియు కొని తెచ్చుట పరిపాటి. కంటికి నిగనిగలాడుచు కనబడు పశువుతో పాటు, కంటికి కనబడని వ్యాధినికూడ కొని తెచ్చుకొను ప్రమాదము ఇట్టిచోట్ల ఎక్కువ. చూడి గేదె ఆరవ నెలలో ఈసుకుపోయినచో పోయినది దూడ ఒక్కటే కాదు. అంతవరకు పెట్టిన మేత, దాణా వృథా అయినవి. రావలసిన పాడి రాలేదు. మరల ఎదకు వచ్చి, చూలు నిలిచి, ఈనువరకు ఇంచుమించు మరియొక సంవత్సరము పోవును. ఒకటి రెండు పశువులపై ఆధారపడిన కుటుంబమునకు ఇది సామాన్యమైన నష్టము కాదు.

ముసర వ్యాధి పోయినది, ఇది ఏల పోలేదు?

ఒకప్పుడు మందలకు మందలను తుడిచిపెట్టిన ముసర వ్యాధిని వృద్ధులైన రైతులు ఎరుగుదురు. దీనిని పశువైద్యులు రిండర్‌పెస్టు అందురు. మన దేశమున దీని నిర్మూలన పథకము 1954లో ప్రారంభమైనది. పశువులకు టీకాలు వేయగా వేయగా, 2006లో భారతదేశము ఈ వ్యాధి సోకు లేని దేశముగా గుర్తింపబడినది. 2011లో ప్రపంచమునుండియే ముసర వ్యాధి తొలగిపోయినట్లు ప్రకటించిరి.

ఇంతటి భయంకరమైన వ్యాధిని తుదముట్టించుట ఎట్లు సాధ్యమైనది? టీకా మంచిదగుట ఒక కారణము. రెండవ కారణము ఆ వైరసుకు దాగుకొనుట తెలియకపోవుట. సోకిన పశువు కొన్ని దినములలో చనిపోయెడిది, లేక కోలుకొని జీవితాంతము ఆ వ్యాధినుండి రక్షణ పొందెడిది. కోలుకొన్న పశువు ఇతరులకు వ్యాధిని అంటించెడిది కాదు. టీకా పొందిన పశువులు చుట్టును నిండినపుడు ఆ వైరసుకు పోవుటకు చోటు లేక నశించినది.

హెర్పిస్ వైరసుల సంగతి ఇట్లు కాదు. ఇవి పశువును చంపుటకు తొందరపడవు. పశువు బ్రతికియుండుటయే వీనికి లాభము. ‘ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడు’ అను సామెత వీనికి చక్కగా సరిపోవును.

మనుష్యులలోని ఉదాహరణము

హెర్పిస్ వైరసుల కుటుంబము చాల పెద్దది. మనుష్యులకు, ఆవులకు, గుఱ్ఱములకు, పందులకు, కోళ్లకు వేరువేరు హెర్పిస్ వైరసులు కలవు. చాలవరకు ఏ జాతికి తగినది ఆ జాతినే పట్టియుండును.

మనుష్యులలో ఒక ఉదాహరణము అందరును చూచినదే. చిన్నతనమున పిల్లలకు ఆటలమ్మ పోయును. వారము పది దినములలో పొక్కులు మాడిపోవును. నలుబది, ఏబది సంవత్సరముల తరువాత అదే మనిషికి నడుము చుట్టును, లేక ప్రక్కటెముకలమీదను ఒక వైపున మాత్రమే పొక్కులు వరుసగా లేచి, మంటగా బాధించును. దీనిని సర్పి అందురు. ఈ రెండింటిని కలిగించునది ఒకే వైరసు. చిన్ననాడు ప్రవేశించినది వెన్నుప్రక్కనున్న నాడుల ముడులలో అన్ని సంవత్సరములు దాగియుండి, ముదిమిచేతనో, ఇతర జబ్బులచేతనో దేహము బలహీనపడినపుడు నాడి వెంట ప్రాకి చర్మమునకు వచ్చినది. గ్రీకు భాషలో హెర్పిస్ అను మాటకును, మన సర్పి అను మాటకును మూలార్థము ఒకటియే, ప్రాకునది అని.

ఆవులకు, గేదెలకు వచ్చు ఐ.బి.ఆర్. వ్యాధి

పశువులలో ముఖ్యముగా తెలిసికొనవలసినది ఐ.బి.ఆర్. అను పేరుగల వ్యాధి. ముక్కు, శ్వాసనాళము వాచి ఎఱ్ఱబడుట దీని ముఖ్య లక్షణము. దీనిని కలిగించు వైరసును పశువుల మొదటి హెర్పిస్ వైరసు అందురు. 1950 తరువాతి సంవత్సరములలో, అమెరికాలో వేలకొలది పశువులను ఒకచోట చేర్చి మేపు దొడ్లలో ఈ ముక్కు జబ్బు ప్రబలముగా కనబడినది. 1956లో శాస్త్రజ్ఞులు ఆ వైరసును వేరుచేసి చూపిరి. మన దేశమున 1976లో ఉత్తరప్రదేశ్‌లో, కండ్లకలకతో బాధపడుచున్న సంకరజాతి దూడలనుండి దీనిని మొదట వేరుచేసిరి. 1996లో దక్షిణ భారత రాష్ట్రములను గురించి ప్రకటింపబడిన పరిశీలనలో, పరీక్షించిన ఆవులలోను గేదెలలోను ఇంచుమించు సగమింటి రక్తములో ఈ వైరసు సోకిన గుర్తులు కనబడినవి. కనుక ఇది ఎక్కడో దూరదేశపు జబ్బు అని ఉపేక్షింపరాదు.

వైరసు సోకిన రెండు నుండి నాలుగు దినములలో జ్వరము వచ్చును. ముట్టె, ముక్కు లోపలి పొర ఎఱ్ఱబారును. మొదట నీరువలెను, తరువాత చిక్కగాను చీమిడి కారును. కండ్లు ఎఱ్ఱబడి నీరు కారును. పశువు మేత మానును, పాలు తగ్గిపోవును. చాల పశువులు వారము పది దినములలో తేరుకొనును. కొన్నిటికి సూక్ష్మజీవులు తోడై ఊపిరితిత్తుల వాపు వచ్చి ప్రాణాపాయము కలుగును.

చూడి పశువులలో ముక్కు జబ్బు తగ్గిన కొన్ని వారములకు, ఒక్కొక్కపుడు రెండు మూడు నెలలకు, పిండము చనిపోయి ఈసుకుపోవును. సాధారణముగా నాలుగవ నెలనుండి ఎనిమిదవ నెలవరకు ఇది జరుగును. అప్పటికి రైతు పాత జ్వరమును మరచిపోయియుండును. ‘దిష్టి తగిలినది’, ‘పొడిచినది’, ‘చెడు మేత తిన్నది’ అని వేరు కారణములు వెదకును. దాటుట ద్వారా సోకినపుడు ఆవుల మానమునందును, ఆబోతుల అంగమునందును చిన్న పొక్కులు లేచి పుండ్లగును, చూలు నిలువదు.

దేహములోని కావలివారు

ఈ వైరసు దేహమును ఎట్లు మోసగించునో తెలియవలెనన్న, దేహము తన్ను తాను ఎట్లు కాపాడుకొనునో ముందు తెలియవలెను.

వైరసు తనంతట తాను పెరుగలేదు. అది దేహములోని ఒక కణములో జొరబడి, ఆ కణముయొక్క పనిముట్లతోనే తనవంటి వైరసులను చేయించుకొనును. కణము తనలో పరాయిది ప్రవేశించినదని తెలిసిన వెంటనే ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును విడుదల చేయును. అది దండోరా వంటిది. చుట్టుప్రక్కల కణములు దానిని విని తలుపులు బిగించుకొనును.

తరువాత రక్తములో ప్రతిరక్షకములు అను పదార్థములు తయారగును. ఒక్కొక్క ప్రతిరక్షకము పంగలకఱ్ఱ ఆకారములో ఉండును. పంగలతో వైరసును పట్టుకొనును. కాడ భాగముతో ఇతర కావలి కణములను పిలుచును.

అన్నిటికంటె ముఖ్యమైనవి టి కణములు. దేహములోని ప్రతి కణమును తన లోపల తయారగుచున్న మాంసకృత్తులనుండి చిన్న ముక్కలు తీసి తన పైపొరమీద చూపుచుండును. సంతలో ధాన్యపు బస్తానుండి మచ్చు తీసి చూపినట్లే ఇది. టి కణములు తిరుగుచు ఆ మచ్చు చూచును. సొంత సరుకు అయినచో విడిచిపెట్టును. వైరసు సరుకు కనబడినచో ఆ కణమును వెంటనే చంపివేయును. వైరసు పెరుగకముందే దాని ఇల్లు కూలిపోవును.

వైరసు పన్నాగములు

గాలికుంటు వైరసు జన్యుపదార్థములో ఇంచుమించు 8 వేల అక్షరములు మాత్రమే ఉండును. ఐ.బి.ఆర్. వైరసులో 1 లక్షా 35 వేల అక్షరములు ఉండును. ఇంత పెద్ద సరంజామాలో చాల భాగము దేహపు కావలిని ఏమార్చుటకే వినియోగపడుచున్నది. వానిలో కొన్నిటిని చెప్పుదుము.

మొదటిది, దండోరాను ఆపుట. కణములో ప్రవేశించిన వెంటనే వైరసు తయారుచేయు ఒక మాంసకృత్తు, ఇంటర్‌ఫెరాన్ విడుదలకు కావలసిన సంకేతమును నాశనము చేయును. మరియొకటి కణముయొక్క సొంత ఉత్పత్తిని నిలిపివేయును. ప్రక్క కణములకు హెచ్చరిక ఆలస్యముగా అందును. ఈ ఆలస్యము కొద్ది గంటలే అయినను వైరసుకు అది చాలును.

రెండవది, మచ్చు దొరకకుండ చేయుట. ముక్కలను కణముయొక్క లోపలి గదిలోనికి చేరవేయుటకు ఒక వాహిక కలదు. ఐ.బి.ఆర్. వైరసు తయారుచేయు ఒక చిన్న మాంసకృత్తు ఈ వాహికకు అతుకుకొని దాని పనిని ఆపును. అంతటితో విడువక, ఆ వాహికనే విరిచివేయించును. 2005లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు దీనిని కనుగొని ప్రకటించిరి. వాహిక లేనిదే ముక్కలు పైపొరకు చేరవు. టి కణము వచ్చి చూచినపుడు మచ్చు ఉండదు. లోపల దొంగ ఉన్నట్లు దానికి తెలియదు.

మూడవది, ప్రతిరక్షకముల పని చెడగొట్టుట. ఈ కుటుంబములోని కొన్ని వైరసులు పంగలకఱ్ఱ కాడను తామే పట్టుకొనును. పంగలు వైరసును పట్టినను, కాడ చిక్కుపడుటచే సహాయమునకు పిలుపు పోదు. రక్తములో క్రిములకు చిల్లులు పొడుచు పదార్థములు కొన్ని కలవు. ఐ.బి.ఆర్. వైరసు పైపొరలోని ఒక మాంసకృత్తు వానినికూడ పట్టి ఆపును.

నాల్గవది, కావలివారినే దెబ్బతీయుట. కావలి కణములను పిలుచు సంకేతములను వైరసు దారిలోనే పట్టివేయును. కొన్ని కావలి కణములలో ప్రవేశించి వానిని చంపును. కావలి తగ్గుటచే, ఎప్పుడును ముక్కులో ఊరక పడియుండు సూక్ష్మజీవులు ఊపిరితిత్తులలోనికి దిగి వాపు కలిగించును. లారీలలో దూరము తెచ్చిన పశువులకు దించిన కొద్దిదినములలో వచ్చు ఊపిరితిత్తుల జబ్బులో ఈ వైరసు పాత్ర తరచుగా ఉండును. పశువును చంపినది సూక్ష్మజీవి అయినను, దానికి తలుపు తీసినది వైరసు.

నాడులలో దాగుట

పై పన్నాగములన్నియు కొన్ని దినములవరకే పనికివచ్చును. రెండు వారములకు దేహము బలము పుంజుకొని, ముక్కులోను గొంతులోను ఉన్న వైరసును చాలవరకు తుడిచివేయును. అయితే వైరసు అప్పటికే తన దారి చూచుకొనియుండును.

ముక్కు పొరలో నాడుల కొనలు ఉండును. వైరసు ఆ కొనలలో ప్రవేశించి నాడి వెంట పైకి ప్రాకి, తల అడుగుభాగమున ముఖపు నాడులు కూడుకొను ముడిని చేరును. మానమునుండి సోకినచో నడుము వెనుక నాడుల ముడులను చేరును. అక్కడ నాడీకణము లోపల తన జన్యుపదార్థమును మాత్రము ఉంచి, సమస్తమైన పనులను నిలిపివేయును. ఏ మాంసకృత్తును తయారుచేయకపోవుటచే చూపవలసిన మచ్చే ఉండదు. రక్తములో ప్రతిరక్షకములు నిండుగా ఉన్నను, అవి నాడీకణము లోపలికి పోజాలవు. ఒక్క చిన్న భాగము మాత్రము మేల్కొనియుండి, ఆ నాడీకణము చావకుండ కాచును. ఇల్లు నిలిచియుంటేనే కదా దొంగకు నీడ!

ఈ స్థితిలోనున్న వైరసును తొలగించు మందు ఇంతవరకు లేదు. సూదిమందులు, యాంటిబయాటిక్ మందులు తోడువచ్చిన సూక్ష్మజీవులను మాత్రమే చంపును. ‘ఒక్క సూదితో ఈ జబ్బును వేరుతో పెరికివేయుదుము’ అని చెప్పువారి మాట నమ్మరాదు.

వైరసు ఎప్పుడు మేల్కొనును?

పశువు దేహము దెబ్బతిన్నపుడు వైరసు మేల్కొనును. దూరప్రయాణము, ఈనుట, కఱవు కాలమున మేత లేమి, తీవ్రమైన ఎండ, ఇతర జబ్బులు, క్రొత్త మందలో చేర్చుట ఇందుకు కారణములు. డెక్సామెథసోన్ వంటి స్టిరాయిడు సూదిమందులుకూడ దీనిని మేల్కొల్పును. ప్రయోగశాలలలో దాగిన వైరసును బయటికి రప్పించుటకు శాస్త్రజ్ఞులు వాడునది ఈ మందునే. అందుచేత జ్వరమునకో, కుంటునకో తెలియని చేతులతో ఇట్టి సూదులు వేయించుట రెండు విధములుగా కీడు. మందలో దాగియున్న వైరసు బయటపడును. నెలలు నిండిన చూడి పశువులలో ఆ మందే కాన్పును తొందరపెట్టును. పశువైద్యుని నిర్ణయము లేనిదే దీనిని వాడింపరాదు.

మేల్కొన్న వైరసు నాడి వెంట మరల క్రిందికి దిగి, ముక్కు చీమిడిలోను, మానపు స్రావములోను, ఆబోతు వీర్యములోను బయటికి వచ్చును. ఆ పశువుకు పాత ప్రతిరక్షకములు ఉండుటచే దానికి జబ్బు కనబడకపోవచ్చును. ప్రక్కన కట్టిన చూడి పశువుకు మాత్రము జబ్బు వచ్చును. కుడితి తొట్టి ఒక్కటైనచో సోకుట మరింత సులభము. ‘మా మందలోనికి జబ్బు పశువు ఏదియు రాలేదే’ అని రైతు ఆశ్చర్యపడుటకు కారణమిదే.

టీకా ఏమి చేయగలదు, ఏమి చేయలేదు

టీకా పొందిన పశువుకు జబ్బు తీవ్రముగా రాదు, బయటికి పోవు వైరసు పరిమాణము తగ్గును, ఈసుకుపోవుట తగ్గును. ఇది మంచి లాభమే. కాని ముందే దాగియున్న వైరసును టీకా తరిమివేయలేదు. టీకా తరువాత సోకిన వైరసుకూడ నాడులలో చేరవచ్చును.

రక్తపరీక్షలో చూచునది ప్రతిరక్షకములను గనుక, మామూలు టీకా వేసినచో ఆ పశువు టీకా పొందినదో, జబ్బు సోకినదో తెలియదు. ఈ చిక్కు తొలగించుటకు వైరసు పైపొరలోని ఒక మాంసకృత్తును తీసివేసి గుర్తు టీకాలు తయారుచేసిరి. టీకా పొందిన పశువు రక్తములో ఆ మాంసకృత్తుకు ప్రతిరక్షకములు ఉండవు. నిజముగా సోకిన పశువు రక్తములో ఉండును. డెన్మార్కు, స్వీడను, స్విట్జర్లాండు, ఆస్ట్రియా వంటి దేశములు ఈ వ్యాధిని తొలగించుకొన్నవి. జర్మనీ 2017లో ఈ స్థితిని చేరినది. ఆ దేశములు పశువులకు వైద్యము చేసి గెలువలేదు. రక్తపరీక్షలతో సోకిన పశువులను గుర్తించి మందలనుండి తొలగించి గెలిచినవి. మనవద్ద పాడి పశువులను అట్లు తొలగించుట కష్టము గనుక, క్రొత్తగా సోకకుండ కాచుకొనుట మనకు ముఖ్యమైన మార్గము.

కోళ్లలో మారెక్ వ్యాధి

ఇదే కుటుంబపు వైరసు కోళ్లలో మరియొక పన్నాగము పన్నును. 1907లో హంగరీ దేశపు పశువైద్యుడు జోజెఫ్ మారెక్ కాళ్లు చచ్చుపడిన కోళ్లను వర్ణించెను. అందుచేత ఆ జబ్బుకు ఆయన పేరు వచ్చినది. దీనికి కారణము హెర్పిస్ వైరసు అని 1967లో తెలిసినది.

ఈ వైరసు ఈకల మొదళ్లలో తయారై, రాలిన పొట్టుతోను దుమ్ముతోను గాలిలో కలియును. కోడి ఆ దుమ్మును పీల్చినపుడు లోపలికి పోయి, దొంగలను పట్టవలసిన టి కణములలోనే కాపురముండును. కొన్నిటిని గడ్డలుగా పెరుగునట్లు చేయును. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనుకకు చాపి కోడి పడిపోవుట, రెక్క వ్రాలుట, కనుపాప బూడిదరంగగుట దీని గుర్తులు.

దీని టీకాను పిల్ల పొదిగి బయటికి వచ్చిన దినముననే, మెడ చర్మము క్రింద వేయవలెను. వైరసు సోకిన తరువాత వేసినచో ప్రయోజనము లేదు. వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి కోళ్ల పిల్లలను కొనునపుడు పొదుగు కేంద్రమున ఈ టీకా వేసిరో లేదో అడిగి తెలిసికొనవలెను. ఈ టీకాయును గడ్డలను, చావును ఆపునే గాని వైరసు సోకుటను, వెలువడుటను ఆపదు. టీకా పొందిన కోళ్లు బ్రతికి, కఠినమైన వైరసును ఎక్కువకాలము వెదజల్లగలవని 2015లో ప్రకటింపబడిన పరిశోధనలో తేలినది. కనుక టీకా లేని నాటుపిల్లలను టీకా పొందిన పెద్దకోళ్లతో కలిపి పెంచరాదు. ఒక విడత కోళ్లను అమ్మిన తరువాత గూటిని ఊడ్చి, పాత పొట్టును కాల్చి, సున్నము వేసి, కొన్ని దినములు ఖాళీగా విడువవలెను.

రైతులు చేయవలసిన పనులు

1. క్రొత్తగా కొన్న పశువును తెచ్చిన దినముననే మందలో కలుపరాదు. 30 దినములు వేరుగా కట్టి, వేరు తొట్టిలో కుడితి పెట్టవలెను. ముందుగా మన పశువుల పని ముగించుకొని, తరువాత క్రొత్తదాని వద్దకు పోవలెను. ప్రయాణపు బడలికచే వైరసు మేల్కొనినచో అది బయటపడునది ఈ దినములలోనే.

2. వీలైనచో పశువైద్యశాల ద్వారా ఆ పశువు రక్తమును పరీక్ష చేయింపవలెను. సోకిన రెండు మూడు వారములవరకు రక్తములో గుర్తు కనబడదు. అందుచేత మొదట ఒకసారి, 30 దినములకు రెండవసారి పరీక్షించుట మంచిది. జున్నుపాలు త్రాగిన దూడల రక్తములో తల్లి ప్రతిరక్షకములు కొన్ని నెలలు ఉండును గనుక చిన్న దూడలలో ఫలితమునుబట్టి తొందరపడరాదు. ఇందుకు కావలసిన పరీక్ష సామగ్రిని బెంగళూరులోని నివేది అను కేంద్ర సంస్థ తయారుచేసినది.

3. ఊరి ఆబోతుతోను, దున్నతోను దాటించుట మాని, కృత్రిమ గర్భోత్పత్తి చేయింపవలెను. వైరసు గడ్డకట్టిన వీర్యములోకూడ చావదు. కేంద్ర ప్రభుత్వ ప్రమాణముల ప్రకారము వీర్య కేంద్రములలోని ఆబోతులను ఈ వ్యాధికి పరీక్షింతురు. కనుక గుర్తింపు పొందిన కేంద్రపు వీర్యమునే వాడుమని గోపాలమిత్రను అడుగవలెను.

4. పశువు ఈసుకుపోయినపుడు దానిని వెంటనే వేరుచేసి పశువైద్యునికి తెలుపవలెను. 1962 నంబరుకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చును. పిండమును, మాయను వట్టిచేతులతో ముట్టరాదు, కుక్కలకు వేయరాదు. ఐ.బి.ఆర్. మనుష్యులకు సోకదు. అయితే ఈసుకుపోవుటకు బ్రూసెల్లా వ్యాధియు కారణము కావచ్చును. అది మనుష్యులకు సోకి ఎడతెగని జ్వరములు, కీళ్ల నొప్పులు కలిగించును. కారణమేదో పరీక్షవలననే తేలును. పరీక్షకు నమూనా తీసిన తరువాత లోతుగా గోయి త్రవ్వి సున్నము వేసి పూడ్చవలెను.

5. ఈ వైరసుకు పైన క్రొవ్వు పొర యుండుటచే సబ్బు, చాకలిసోడా, సున్నము, బ్లీచింగు పొడి దీనిని సులభముగా చంపును. ఎండయు మంచి మందు. కొట్టమును కడిగి ఆరనీయవలెను. తొట్టెలను తరచు తోమవలెను.

6. దూడ పుట్టిన రెండు గంటలలోపల జున్నుపాలు పట్టవలెను. దూడ బరువులో పదియవ వంతు పాలు మొదటి దినమున అందవలెను. తల్లి ప్రతిరక్షకములే దానికి మొదటి రక్ష.

7. సోకినట్లు తేలిన పశువును పనికిరానిదని భావింపవలసిన పనిలేదు. అది పాలిచ్చును, ఈనును. దానిని చూడి పశువులకు దూరముగా కట్టి, మేత నీరు లోపము లేకుండ చూచి, టీకా విషయమున పశువైద్యుని సలహా తీసికొనవలెను. మామూలు సజీవ టీకాలు చూడి పశువులకు తగవు గనుక ఈ సలహా తప్పనిసరి. సోకని పెయ్యలను వేరుగా పెంచుచు, పాత పశువుల స్థానమున వానిని నిలుపుకొన్నచో కొన్ని సంవత్సరములకు మంద శుభ్రపడును.

8. గొంతువాపు, గాలికుంటు టీకాలు వేళకు వేయించి, నట్టల మందులు త్రాగించి, వేసవిలో నీడను, పచ్చిమేతను సమకూర్చవలెను. దేహము బలముగా ఉన్నంతకాలము లోపలి వైరసు నిద్రపోవును.

ఇంకొక్క మాట చెప్పవలసియున్నది. పశువు ఈసుకుపోయిన వెంటనే, సంగతి దాచి, దానిని సంతకు తోలుకొనిపోయి అమ్ముట కొన్నిచోట్ల జరుగుచున్నది. అమ్మినవానికి అప్పటికి నష్టము తప్పినట్లే కనబడును. కాని ఆ పశువు పోయినది ప్రక్క ఊరికే. దాని మంద మేయునది అదే అడవిలో. నీరు త్రాగునది అదే వాగులో. మరుసటి సంవత్సరము ఆ జబ్బు మన కొట్టమునకే తిరిగివచ్చును. జబ్బు దాచినవాడు వైరసుకు తోడుపడినవాడగును. పశువును కొనువారు దాని పాలు, పండ్లు, సుడులు చూచుటతో సరిపెట్టుకొనక, ‘ఎన్ని ఈతలు ఈనినది? ఎప్పుడైనను ఈసుకుపోయినదా?’ అని అడుగవలెను. అమ్మువారు నిజము చెప్పవలెను. దాగియుండుటయే ఈ వైరసు బలము. అది ఎక్కడ ఉన్నదో తెలిసికొని, మనలో మనము దాచుకొనకుండ ఉన్నచో, ఆ బలములో సగము అప్పుడే పోవును.